ఇంగ్లిష్ కవితకు బాణీ కట్టడం ఎలా: ఒక గొంతు, ఒక పియానో

కృష్ణశాస్త్రి గీతాలను రేడియోలో లలిత సంగీతంగా విన్నవాళ్లకు ఆర్ట్ సాంగ్ అంటే ఏమిటో సగం తెలిసినట్టే. అచ్చులో ఉన్న కవితను తీసుకుని, మాట మార్చకుండా, ఒక గొంతు పాడేలా బాణీ కట్టడం. మిగతా సగం పియానో. మన లలిత సంగీతంలో వాద్యాలు చాలావరకు గొంతు వెంటే నడుస్తాయి, పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీని నింపుతాయి. ఆర్ట్ సాంగ్‌లో పియానో అలా వెంట నడిచే వాద్యం కాదు. దానికి తన సొంత మాట ఉంటుంది, ఒక్కోసారి గొంతుతో విభేదిస్తుంది కూడా.

స్టాఫ్ నొటేషన్ చదవడం, మామూలు కార్డ్స్ వాయించడం వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కర్ణాటక సంగీతం నేర్చుకుని తర్వాత కీబోర్డు వైపు వచ్చినవాళ్లు, హైదరాబాదులోనో డాలస్‌లోనో పియానో గ్రేడ్ పరీక్షలు రాసినవాళ్లు, పాత ఇంగ్లిష్ కవిత్వం అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎవరైనా మొదలుపెట్టవచ్చు. నా పద్ధతి అంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: కవిత చెప్పినదాన్ని గొంతు చెప్పాలి, కవిత చెప్పకుండా వదిలేసినదాన్ని పియానో చెప్పాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ దీని నుంచి వచ్చిందే.

ఉదాహరణగా ఒకే కవితను చివరిదాకా పట్టుకుందాం. క్రిస్టీనా రోసెట్టి 1848లో రాసి, 1862లో తన తొలి పెద్ద సంపుటిలో అచ్చువేసిన చిన్న గీతం అది. పేరు కూడా 'సాంగ్' అనే పెట్టింది. 'వెన్ ఐ యామ్ డెడ్, మై డియరెస్ట్, సింగ్ నో శాడ్ సాంగ్స్ ఫర్ మీ' అని మొదలవుతుంది. నేను పోయాక నా కోసం విషాద గీతాలు పాడకు, తల దగ్గర గులాబీలు నాటకు, నా మీద పచ్చగడ్డి ఉంటే చాలు. నీకు ఇష్టమైతే గుర్తుపెట్టుకో, ఇష్టమైతే మరచిపో అంటుంది మొదటి చరణం. రెండో చరణంలో ఆమె తన వైపు తిరుగుతుంది. నీడలు చూడను, వాన తగలదు, నైటింగేల్ పాట వినను. ఉదయాస్తమయాలు లేని ఆ మసక వెలుగులో కలగంటూ నేనూ గుర్తుపెట్టుకుంటానేమో, నేనూ మరచిపోతానేమో. అంతే, 16 పంక్తులు. మూలం తెచ్చుకుని పక్కన పెట్టుకుని ఇది చదవండి.

ముందు కవిత దొరకాలి

ఎనిమిది నుంచి ఇరవై పంక్తుల మధ్య ఉన్న కవితతో మొదలుపెట్టండి. చదవడం కంటే పాడటానికి రెండు మూడు రెట్లు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి పుస్తకంలో పొట్టిగా కనిపించే కవిత కూడా పాటగా మూడు నిమిషాలు సులువుగా తీసుకుంటుంది. వినేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోలేడు. అందుకని వాక్యం ఒక్కసారి వింటే అర్థమయ్యేలా ఉండాలి. షేక్‌స్పియర్ నాటకాల్లోని పాటలు, రోసెట్టి, హౌస్‌మన్, హార్డీ చిన్న కవితలు మళ్లీ మళ్లీ పాటలు కావడానికి ఇదే కారణం. సానెట్లు కష్టం. వాదన మీద వాదన పేర్చుకుంటూ నాలుగేసి పంక్తుల పాటు సాగే వాక్యాన్ని మోయాలంటే బాణీకి బాగా అనుభవం కావాలి.

ఇంకొకటి చూడండి. కవితలో ఎక్కడో ఒక మలుపు ఉండాలి. మనిషి మారడమో, కాలం మారడమో, మాట తీరు మారడమో జరగాలి. మన ఉదాహరణలో 'నువ్వు' నుంచి 'నేను'కు తిరగడమే ఆ మలుపు. మలుపు లేని కవితకు చక్కని ట్యూన్ వస్తుంది కానీ పియానోకు చెప్పడానికి ఏమీ మిగలదు.

ఎవరో గొప్పవాళ్లు ఇప్పటికే బాణీ కట్టారని వెనకాడకండి. రోసెట్టి గీతాన్ని వాన్ విలియమ్స్, కోల్‌రిడ్జ్-టేలర్, జాన్ ఐర్లండ్ ముగ్గురూ పాట చేశారు. షేక్‌స్పియర్ 'ఓ మిస్ట్రెస్ మైన్'ను రోజర్ క్విల్టర్ 1905లో అచ్చువేశాడు, దాన్నే ఫింజీ 1942 నాటి తన ఐదు పాటల్లో మళ్లీ చేశాడు. రెండూ ఈనాటికీ పాడుతున్నారు. అయితే మీ చిత్తుప్రతి పూర్తయ్యేదాకా వాళ్లవి వినకండి. ఒకసారి చెవిలో పడితే ఆ ట్యూన్ వదలదు.

హక్కులు, పాఠం

భారతదేశంలో కవి మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అమెరికాలో పాత పుస్తకాలకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల లెక్క. రోసెట్టి 1894లో పోయింది కాబట్టి ఎక్కడా ఇబ్బంది లేదు. హౌస్‌మన్ 1936లో పోయాడు, భారత్‌లోనూ బ్రిటన్‌లోనూ అతని కవితలన్నీ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మేస్‌ఫీల్డ్ 1967లో పోయాడు. అతని తొలి సముద్రపు కవితలు 1902 నాటివి కాబట్టి అమెరికాలో వాటికి అనుమతి అక్కర్లేదు. భారత్‌లో మాత్రం 2027 చివరిదాకా, బ్రిటన్‌లో 2037 చివరిదాకా ఆగాలి. పాటను ఏ దేశంలో అచ్చువేస్తారో, ఎక్కడ పాడిస్తారో అక్కడి లెక్క చూసుకోండి.

ఎమిలీ డికిన్సన్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఆమె పోయాక 1890 నుంచి వచ్చిన సంపుటాల్లో సంపాదకులు మాటలూ విరామ చిహ్నాలూ సరిదిద్దారు. ఆమె రాతప్రతులకు దగ్గరగా ఉన్న పాఠం 1955లో గానీ రాలేదు, దానికి వేరే హక్కులున్నాయి. ఇంటర్నెట్‌లో రెండూ కలగలిసి తిరుగుతుంటాయి. ఏ కవితకైనా పాత అచ్చు పుస్తకం స్కాన్‌తో పోల్చుకున్నాకే పని మొదలుపెట్టండి. ఒక కామా తేడా వస్తే గాయని ఊపిరి తీసే చోటే మారిపోతుంది.

కవితలో కొంత వదిలేయవచ్చా? హౌస్‌మన్ కవిత ఒకదానిలో చనిపోయిన కుర్రాడు తన నాగలి, తన ఆట, తన పిల్ల ఏమయ్యాయని స్నేహితుణ్ని అడుగుతాడు. 1909లో వాన్ విలియమ్స్ దానికి సంగీతం కట్టినప్పుడు ఫుట్‌బాల్ గురించిన రెండు చరణాలు తీసేశాడు. హౌస్‌మన్‌కు కోపం వచ్చింది. కవితలో తనకు కావలసిన భాగం తీసుకునే హక్కు స్వరకర్తకు ఉందని వాన్ విలియమ్స్ వాదించాడు. రెండేళ్ల తర్వాత బటర్‌వర్త్ అదే కవితను పూర్తిగా పాట చేశాడు. చనిపోయినవాడి ప్రశ్నలు సన్నగా, బతికున్నవాడి జవాబులు గట్టిగా వినిపించేలా కట్టాడు. నా ఓటు బటర్‌వర్త్‌కే. ఆ ఆట గురించిన చరణం ఉంటేనే ఆ కుర్రాడి వయసు మనకు తెలుస్తుంది. మొదట్లో అయితే వదిలేయాల్సిన అవసరం లేని కవితనే ఎంచుకోండి.

పియానో మూసి, కవితను పైకి చదవండి

తెలుగువాళ్లం ఎక్కువ తడబడేది ఈ మెట్టు దగ్గరే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మన ఛందస్సు గురులఘువుల లెక్క, అంటే కాలం లెక్క. ఇంగ్లిష్ ఛందస్సు నొక్కుల లెక్క. ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతారు, దేన్ని మింగేస్తారు అన్నదే అక్కడ లయ. మనం ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. బాణీ కూడా అలాగే కడితే 'అబవ్'లో మొదటి 'అ' బార్ మొదటి బీట్ మీద పడుతుంది, 'రిమెంబర్'లో చివరి 'బర్' మీద పొడవాటి స్వరం వస్తుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు అప్పుడు మాటే అందదు.

కవితను డబుల్ స్పేసింగ్‌తో ప్రింట్ తీసుకోండి. ఒక అక్షరం దాటిన ప్రతి మాటకూ డిక్షనరీ తెరిచి నొక్కు ఎక్కడుందో గుర్తు పెట్టండి. ఉచ్చారణ దగ్గర నొక్కు అక్షరానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. తర్వాత వాక్యంలో ఏ మాటలు ముఖ్యమో చూసి వాటి కింద గీత గీయండి. ఇక నెమ్మదిగా, పక్కనున్న మనిషికి చెబుతున్నట్టు పైకి చదివి ఫోన్‌లో రికార్డ్ చేయండి. లిబ్రివాక్స్‌లో పాత కవితల రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురు చదివినవి విని మీదానితో పోల్చుకోండి.

మొదటి పంక్తినే తీసుకుంటే 'వెన్ ఐ యామ్ డెడ్'లో బలమైన బీట్ 'ఐ' మీద పడితే 'చనిపోయేది నేను, నువ్వు కాదు' అనే అర్థం ముందుకొస్తుంది. 'డెడ్' మీద పడితే చావు ముందుకొస్తుంది. 'వెన్' మీద పడితే ఎప్పుడన్నది. మూడూ తప్పులు కావు, మూడూ వేరు వేరు పాటలు. నేనైతే 'వెన్ ఐ యామ్' మూడింటినీ బార్ గీతకు ముందే మూడు క్వేవర్లుగా, అంటే అమెరికాలో ఎయిత్ నోట్లుగా, వదిలేసి 'డెడ్'ను మొదటి బీట్ మీద పెడతాను. తర్వాత 'మై' తేలిగ్గా, 'డియర్' మూడో బీట్ మీద, 'రెస్ట్' పొట్టిగా.

రెండో పంక్తి ఇంకా బాగుంటుంది. ఛందస్సు లెక్కన దానికి మూడే నొక్కులు. కానీ 'సింగ్ నో శాడ్ సాంగ్స్' అని అర్థం తెలిసి చదివితే నాలుగు మాటలూ బరువుగానే వస్తాయి, మధ్యలో తేలిక అక్షరమే లేదు. ఛందస్సును గుడ్డిగా నమ్మితే 'నో', 'సాంగ్స్', 'మీ' మీద తాళం పడి పంక్తి గంతులేస్తుంది. దానికి బదులు నాలుగు సమానమైన క్రోచెట్లు, అంటే అమెరికాలో క్వార్టర్ నోట్లు, వేసి చూడండి. నడక ఒక్కసారిగా బరువెక్కుతుంది. 'సాంగ్స్'ను తర్వాతి బార్‌లోకి కొంచెం సాగదీసి, 'ఫర్'ను మొదటి బీట్ రెండో సగంలో, 'మీ'ని రెండో బీట్ మీద మెత్తగా దించండి. ఆ 'మీ' మీద ఊనిక పెడితే కవితలో లేని జాలి వచ్చి పడుతుంది.

'షాడోస్' లాంటి మాటలకు ఇంగ్లిష్ పాటల్లో పాత చిట్కా ఒకటి ఉంది. నొక్కు మొదటి అక్షరం మీద ఉన్నా ఆ అచ్చు పొట్టిది. అందుకని బలమైన బీట్ మీద పొట్టి స్వరం, వెంటనే పొడుగు స్వరం వేస్తారు. దీన్ని స్కాచ్ స్నాప్ అంటారు. పర్సెల్ దీన్ని బాగా వాడాడు. 'పిటీ', 'నెవర్', 'బాడీ' లాంటి మాటలకూ ఇది బాగా అతుకుతుంది. ప్రతి మాటకూ వాడితే మాత్రం విసుగొస్తుంది.

మరో విషయం, ఇది మన భాష వల్లే వచ్చే చిక్కు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, గొంతు ఎంతసేపైనా సాగుతుంది. ఇంగ్లిష్ మాట హల్లుతో, చాలాసార్లు రెండు మూడు హల్లుల గుంపుతో ముగుస్తుంది. 'సాంగ్స్', 'విల్ట్', 'వెట్', 'ఫర్గెట్' పలకడానికి చోటు కావాలి. పొడుగు స్వరం తర్వాత ఒక చిన్న విరామం రాస్తే గాయకులు ఆ 'ట్'ను సరిగ్గా అక్కడ పలుకుతారు. రాయకపోతే తర్వాతి మాటలో కలిపి మింగేస్తారు, లేదా చివర మన అలవాటు చొప్పున ఒక 'ఉ' చేరుతుంది.

ఈ పని పూర్తయ్యేసరికి స్వరాలు లేకుండా లయ ఒక్కటే కాగితం మీద ఉండాలి. దాన్ని చప్పట్లు కొడుతూ చదవండి. కవిత అర్థం చెడకుండా వినిపిస్తుంటే సగం పాట అయిపోయినట్టే.

పాట ఆకారం

రెండు చరణాలకూ ఒకే ట్యూన్ సరిపోతుందా? మొదట అందరికీ అలాగే అనిపిస్తుంది. నొక్కుల గుర్తులు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి చరణం ఏడో పంక్తి 'అండ్ ఇఫ్ దౌ విల్ట్' తేలిక అక్షరాలతో మొదలవుతుంది. రెండో చరణంలో అదే చోట ఉన్న 'హ్యాప్లీ' నొక్కుతో మొదలవుతుంది. ఐదో పంక్తీ అంతే: 'బి ద గ్రీన్ గ్రాస్' ఒక నడక, 'అండ్ డ్రీమింగ్ త్రూ' మరో నడక. ట్యూన్ మారాలని కవితే చెబుతోంది. మొదటి నాలుగు పంక్తులకు పాత ట్యూన్ గుర్తొచ్చేలా ఉంచి, తర్వాత పక్కకు తిప్పితే సరిపోతుంది.

ఖాళీలు కూడా కవితలోనే ఉన్నాయి. చాలా పంక్తులకు మూడు నొక్కులు, నాలుగో చోటు ఖాళీ. పియానోకు దారి అదే. మూడో పంక్తికి మాత్రం నాలుగు నొక్కులు, ఖాళీ లేదు. రెండో చరణంలో సరిగ్గా ఆ పంక్తే ఆగకుండా తర్వాతి దానిలోకి పారుతుంది: 'ఐ షల్ నాట్ హియర్ ద నైటింగేల్ / సింగ్ ఆన్, యాజ్ ఇఫ్ ఇన్ పెయిన్'. ఇక్కడ పంక్తి చివర ఊపిరి తీస్తే వాక్యం విరుగుతుంది. క్రోచెట్‌కు నిమిషానికి 66 టెంపోలో ఇది ఏడెనిమిది సెకన్ల పాటు ఒక్క ఊపిరి. శిక్షణ ఉన్న గొంతుకు కష్టం కాదు, కానీ దీనికి ముందు నిండుగా ఊపిరి తీసుకునే విరామం తప్పనిసరిగా రాయాలి.

గొంతు పాడే బార్లు 30 దాకా, పియానో ఒక్కటే వాయించేవి 10 దాకా అనుకోండి. ఆ టెంపోలో పాట రెండున్నర నిమిషాల లోపు ఉంటుంది, ఈ కవితకు అదే న్యాయం.

గొంతుకు రాయడం

ఎవరి కోసం రాస్తున్నారో ముందే తేల్చుకోండి. మనిషి ఎవరో తెలియకపోతే మధ్యస్థాయి గొంతు అనుకుని, మిడిల్ సి నుంచి ట్రెబుల్ స్టాఫ్ పై గదిలోని ఇ దాకా ఉంచండి. ఎక్కువ భాగం ఎఫ్ నుంచి బి మధ్య నడవాలి. మాట స్పష్టంగా వినిపించేది అక్కడే. ఒక అక్షరానికి ఒక స్వరం అనే ఫింజీ పద్ధతి మొదటి పాటకు చాలా మంచిది. గమకాలకు అలవాటుపడిన చెవికి ఇది పొడిగా అనిపించవచ్చు. అయినా ఒకే ఒక్క చోట, అత్యంత అవసరమైన మాట దగ్గర మాత్రమే, రెండు మూడు స్వరాలు కలిపి ఇవ్వండి. అప్పుడు ఆ మాట వెలుగుతుంది.

పై స్వరాల మీద ఏ అచ్చు పడుతోందో చూడండి. ఆడగొంతు స్టాఫ్ పైభాగానికి చేరాక 'ఈ', 'ఊ' లాంటి మూసిన అచ్చులను స్పష్టంగా పలకడం శరీరానికే సాధ్యం కాదు. 'ఈ'ని 'ఈ'గా వినిపించే మొదటి ప్రతిధ్వని దాదాపు 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పై ఇ స్వరం 659 హెర్ట్జ్. స్వరమే ఆ ప్రతిధ్వనిని దాటిపోతే ఆ అచ్చును గుర్తుపట్టించేదేమీ ఉండదు. అందుకే నోరు తెరుచుకునే అచ్చులకు పై చోటు ఇవ్వాలి. మన కవితలో శిఖరం 'నైటింగేల్' మొదటి అక్షరం మీద చక్కగా కూర్చుంటుంది, ఎందుకంటే అది 'ఆ'తో మొదలై చివర మాత్రమే 'ఇ'లోకి జారుతుంది. దాని పక్కనే ఉన్న 'సింగ్' మీద పెడితే గొంతు నొక్కుకుపోతుంది.

'రిమెంబర్', 'ఫర్గెట్' రెండూ ఈ కవితకు తక్కెడలో రెండు పళ్లేలు. మొదటి చరణంలో ఆమె రెండింటినీ సమానంగా ఇస్తోంది. అందుకని ఒకటి ఎంత పైకి లేస్తే మరొకటి అంతే కిందికి దిగాలి. ఏ ఒక్కదానికి ఎక్కువ పొడుగు ఇచ్చినా కవయిత్రి తరఫున మీరు నిర్ణయం తీసుకున్నట్టవుతుంది.

పియానోకు రాయడం

మొదటి నియమం: కుడిచేత్తో గొంతు ట్యూన్‌ను వాయించకండి. కష్టమైన స్వరం అందుకునేటప్పుడు ఒక్క క్షణం తోడుండటం వేరు, పాటంతా నీడలా ఉండటం వేరు. నీడలా ఉంటే గాయని మాటకు తగ్గట్టు ముందుకూ వెనక్కూ జరిగే స్వేచ్ఛ పోతుంది.

రెండోది, పాట మొత్తాన్ని మోసే ఒకే చిన్న కదలిక వెతకండి. షూబర్ట్ 1814లో, రాట్నం వడుకుతూ ప్రియుణ్ని తలచుకునే గ్రెచెన్ అనే అమ్మాయి పాటకు, రాట్నం తిరిగే కదలికను కుడిచేతికి ఇచ్చాడు. ఆమె అతని ముద్దును తలచుకోగానే రాట్నం ఆగిపోతుంది, తర్వాత తడబడుతూ మళ్లీ మొదలవుతుంది. అక్కడ పియానో చెప్పింది కవితలో ఒక్క మాటగానైనా లేదు. స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1953లో హార్డీ కవితలకు కట్టిన పాటల్లో రైల్వే స్టేషన్ మీద ఒక కుర్రాడు ఫిడేలు వాయించే సన్నివేశం ఉంది. పియానో దాదాపు ఆ ఫిడేలే అయిపోతుంది. కదలిక దొరకాలంటే కవితలో వస్తువులను చూడకండి, మనిషి ఏ స్థితిలో ఉందో చూడండి. మన కవితలో ఆమె ప్రశాంతంగా ఉంది. పట్టుదలగా కూడా ఉంది. నేనైతే ఎడమచేతిలో కదలని డి, ఎ స్వరాలు, కుడిచేతిలో బీట్ తప్పించి పడే మెత్తని రెండు స్వరాలు పెడతాను.

ప్రతి మాటకూ బొమ్మ గీయాలనే ఆశను ఆపుకోవాలి. 'రెయిన్' రాగానే చినుకులు, 'నైటింగేల్' రాగానే పిట్ట కూత వేయడం చాలా సులువు. కానీ ఆమె వాన తగలదు అంటోంది, పిట్ట పాట వినను అంటోంది. మరి పియానో ఏం చేయాలి? రెండు చరణాల మధ్య, గొంతు మౌనంగా ఉన్నప్పుడు, పైస్థాయిలో పిట్ట కూతలాంటి చిన్న పలుకు ఒకటి వినిపించండి. అది ఏమిటో వినేవాళ్లకు అప్పుడు తెలియదు. రెండో చరణంలో ఆమె నైటింగేల్ పేరు ఎత్తినప్పుడు దాన్ని వాయించకండి. మనం విన్నది ఆమెకు వినపడటం లేదని ఆ లేమి చెబుతుంది. పాట అయిపోయాక, చివరి బార్లలో, ఆమె లేనప్పుడు, అది మళ్లీ వస్తే తప్పులేదు.

స్కేల్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. చావు అనగానే మైనర్‌లోకి వెళ్లకండి. విషాద గీతాలు వద్దని ఆమె మొదట్లోనే చెప్పింది. ఆ మాటనే ఏడుపు స్వరాల్లో పాడిస్తే కవితకు ఎదురెళ్లినట్టే. డి మేజర్ తీసుకుని, అక్కడక్కడా సి షార్ప్‌కు బదులు మామూలు సి వాడండి. మన హరికాంభోజి స్వరాలే అవి. వెలుగు తగ్గకుండా కాస్త పాతదనం వస్తుంది. 'దట్ డత్ నాట్ రైజ్ నార్ సెట్' దగ్గర బాస్ పైకీ వెళ్లకూడదు, కిందికీ దిగకూడదు. రెండు మూడు బార్ల పాటు ఒకే కార్డ్, ఒకే స్థాయి. పాట అంతటా ఏదో ఒకటి కదులుతూ ఉంటేనే ఈ నిశ్చలత తెలుస్తుంది.

ముగింపులను తొందరపడి తేల్చేయకండి. మొదటి చరణాన్ని డి మీద కాకుండా జి కార్డ్ మీద ఆపితే మాట ఇంకా మిగిలి ఉన్నట్టుంటుంది. చివరి 'ఫర్గెట్'లో గొంతును ఎ దగ్గర వదిలేయండి. ఆ తర్వాత పియానో డి, ఎ మాత్రమే మోగించాలి. మధ్యలోని ఎఫ్ షార్ప్‌ను, ఎఫ్‌ను రెండింటినీ దాచేస్తే మేజరో మైనరో తెలియదు. గుర్తుంటుందో లేదో ఆమెకూ తెలియదు కదా.

సాంకేతికంగా కొన్ని చూసుకోవాలి. పియానో మొదటి బార్లలో గాయని మొదటి స్వరం ఎక్కడో ఒకచోట స్పష్టంగా వినిపించాలి. లేకపోతే ఆమె ప్రతిసారీ టెన్షన్‌తోనే మొదలుపెడుతుంది. గొంతు కింది స్వరాల్లో ఉన్నప్పుడు పియానో అదే ఎత్తులో దట్టంగా వాయిస్తే మాట మునిగిపోతుంది, చేతులను దూరం జరపండి. పెడల్ గుర్తులు హార్మొనీ మారే ప్రతిచోటా ఇవ్వండి, ఈ నిశ్చలమైన చోట్ల మరీ ముఖ్యం.

కాగితం మీద పెట్టడం

మ్యూస్‌స్కోర్ ఉచితం, ఈ పనికి పూర్తిగా చాలు. గొంతుకు ఒక స్టాఫ్, పియానోకు రెండు. మొదటి స్వరాన్ని ఎంచుకుని కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే మాటలు టైప్ చేయవచ్చు. స్పేస్ కొడితే తర్వాతి మాట, హైఫన్ కొడితే అదే మాటలో తర్వాతి ముక్క, అండర్‌స్కోర్ కొడితే సాగే గీత. మాటలను డిక్షనరీలో ఉన్నట్టే విరవండి. విరామ చిహ్నాలు, పెద్ద అక్షరాలు కవితలో ఎలా ఉంటే అలాగే ఉంచండి. గొంతుకు సంబంధించిన మెల్లగా, గట్టిగా అనే గుర్తులు స్టాఫ్ పైన వేయాలి, ఎందుకంటే కింద మాటలుంటాయి. పియానోవి రెండు స్టాఫ్‌ల మధ్య. పేజీ తిప్పే చోట పియానిస్టుకు ఒక చెయ్యి ఖాళీగా ఉండేలా చూడండి. మొదటి పేజీకి ముందు కవిత మొత్తాన్ని పంక్తులు విరగకుండా విడిగా అచ్చువేయండి. గాయకులు ముందు చదవాల్సింది అదే.

మనిషి పాడాక

కంప్యూటర్ ప్లేబ్యాక్‌ను నమ్మకండి, దానికి ఊపిరి లేదు, మాటా లేదు. పాడేవాళ్లను పిలిచి, మొదట కవితను చదవమనండి. తర్వాత స్వరాలు లేకుండా మీ లయలో మాటలు పలకమనండి. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, ఏమీ మాట్లాడకండి. ఆ తర్వాతే పియానోతో పాడించండి. ఒకే చోట రెండుసార్లు ఇబ్బంది పడితే అది పాడేవాళ్ల లోపం కాదు, రాతలో లోపం. స్వరం మార్చండి, లేదా ఊపిరికి చోటు ఇవ్వండి.

ఇంగ్లిష్ కవిత తెలియని ఒకరిని గది చివర కూర్చోబెట్టి, కాగితం ఇవ్వకుండా వినమనండి. అయ్యాక ఏ మాటలు వినపడ్డాయో అడగండి. వినపడని మాట దగ్గర చాలాసార్లు పియానోనే దట్టంగా ఉంటుంది, అక్కడ స్వరాలు తీసేయండి. ఇప్పుడు వాన్ విలియమ్స్‌దీ, ఐర్లండ్‌దీ విని చూడండి. పాత స్కోర్లు చాలావరకు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీలో దొరుకుతాయి, ఒక కవితను ఎవరెవరు పాట చేశారో లీడర్‌నెట్‌లో తెలుస్తుంది. వాళ్లు 'డెడ్'ను ఎక్కడ పెట్టారో, 'ఫర్గెట్'ను ఎలా వదిలారో మీదానితో పోల్చుకోండి.

సవరణలన్నీ అయ్యాక అదే పాటను రెండు స్వరాల కిందికీ, రెండు స్వరాల పైకీ మార్చి మరో రెండు ప్రతులు తయారుచేయండి. సాఫ్ట్‌వేర్ మార్చిపెడుతుంది కానీ పియానో ఎడమచెయ్యి మరీ కిందికి పోయి బురదగా మోగుతోందేమో ప్రతి బార్‌నూ మీరే వాయించి చూసి, అవసరమైన చోట ఒక ఆక్టేవ్ పైకి జరపండి.